రూటు కింద మైనస్ వస్తే సూత్రాన్ని తిట్టకు

ప్రశ్న: సార్, నేను ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదువుతున్నాను. టెన్త్ దాకా మా ఊరి జడ్పీ హైస్కూల్లో తెలుగు మీడియం, ఇప్పుడు హాస్టల్లో ఉండి ఇంగ్లిష్ మీడియం. ఫ్రీ ఫాల్, ప్రొజెక్టైల్ సూత్రాలన్నీ ఒక చార్ట్ మీద రాసి మంచం పక్కన గోడకి అంటించుకున్నాను, నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ టెస్టులో లెక్క ఇస్తే ఏ సూత్రం వాడాలో, మైనస్ ఎక్కడ పెట్టాలో తెలీదు. పోయిన వారం '15 మీటర్ల మేడ మీద నుంచి బంతిని సెకనుకు 10 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరితే ఎంతసేపటికి నేలకు తగులుతుంది?' అని ఇచ్చారు. నేను చేస్తే రూటు కింద మైనస్ 8 వచ్చింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అదే. నాకు ఫిజిక్స్ రాదేమో, నాన్నకి చెప్పి గ్రూపు మార్చుకోమంటారా?

సమాధానం: గ్రూపు సంగతి తర్వాత మాట్లాడుకుందాం తల్లీ, ముందు ఆ మైనస్ 8 సంగతి తేల్చేద్దాం. మూడుసార్లు చేసినా అదే వచ్చిందంటే నువ్వు కూడికలు, తీసివేతలు తప్పు చెయ్యలేదు. నువ్వు ఏం రాసి ఉంటావో నాకు తెలుసు, ఎందుకంటే ఇరవై ఏళ్లకు పైగా ఈ చాప్టర్ చెప్పిన నాకు ప్రతి బ్యాచ్‌లోనూ సగం పేపర్లలో కనపడేది ఇదే. 'ఎస్ = యూ టీ + ½ ఏ టీ²' అని రాశావు (యూ మొదటి వేగం, ఏ త్వరణం, అంటే సెకను సెకనుకీ వేగంలో వచ్చే మార్పు, టీ టైం, ఎస్ సంగతి కింద చెప్తాను), పైకి విసిరారు కాబట్టి యూ దగ్గర 10, జీ, అంటే భూమి లాగడం వల్ల వచ్చే త్వరణం, కిందికి కాబట్టి ఏ దగ్గర మైనస్ 10, ఇక్కడిదాకా చక్కగా ఉంది. ఎస్ దగ్గరికి వచ్చేసరికి మేడ ఎత్తు 15 కదా అని 15 వేసేశావు. 15 = 10టీ − 5టీ². ఐదుతో భాగిస్తే టీ² − 2టీ + 3 = 0. టెన్త్‌లో చదివిన విచక్షణి (రూటు కింద వచ్చే అంకె) కడితే 4 − 12, అంటే మైనస్ 8. వచ్చేసింది.

ఇప్పుడు నువ్వు రాసిన దాన్ని ఒకసారి తెలుగులో చదువు. పైకి ప్లస్ అని నువ్వే అనుకున్నావు, యూ దగ్గర ప్లస్ 10 వేశావు కూడా. మరి ఎస్ ప్లస్ 15 అంటే ఏంటి? 'బంతి మేడ మీద నుంచి ఇంకా 15 మీటర్లు పైకి ఎప్పుడు చేరుతుంది?' అని అడిగావన్న మాట. సెకనుకు 10 మీటర్లతో విసిరిన బంతి ఎంత ఎత్తు లేస్తుంది? యూ² ని 2జీతో, అంటే 10 × 10 ని 20తో భాగిస్తే 5 మీటర్లు, అంతే. ఐదు మీటర్లు లేచి దిగిపోయే బంతిని పదిహేను మీటర్ల పైన ఎప్పుడుంటావని అడిగితే అది ఏం చెప్పాలి? ఎప్పటికీ ఉండను అంటుంది. రూటు కింద మైనస్ రావడం అంటే అదే. లెక్క నీకు సరైన జవాబే ఇచ్చింది, నువ్వు అడిగింది వేరే ప్రశ్న.

ఎస్ అంటే దూరం కాదు, స్థానభ్రంశం. బయల్దేరిన చోటి నుంచి చూస్తే చివరికి ఎటువైపు, ఎంత దూరంలో తేలావు అన్నదే లెక్క, మధ్యలో ఎన్ని చక్కర్లు కొట్టావో దానికి అనవసరం. బంతి చేతిలోంచి బయల్దేరింది, చివరికి చేతికి 15 మీటర్ల కింద తేలింది. కాబట్టి ఎస్ = −15. (విసిరిన పిల్లాడి ఎత్తు కూడా కలపాలి కదా అని నీకు అనుమానం వస్తే సంతోషం, కానీ పరీక్షలో కలపకు.) ఇప్పుడు −15 = 10టీ − 5టీ², అంటే టీ² − 2టీ − 3 = 0, అది (టీ − 3)(టీ + 1) = 0. టీ = 3 సెకన్లు. నమ్మకం లేకపోతే ముక్కలు చేసి చూసుకో: పైకి వెళ్లడానికి 1 సెకను, 5 మీటర్లు లేచింది, అంటే నేల నుంచి 20 మీటర్లు, అక్కడి నుంచి ఊరికే పడితే 2 సెకన్లు, మొత్తం 3. ఇలా ముక్కలు చేసి చెయ్యడం తప్పేమీ కాదు, మార్కులు పడతాయి, కాకపోతే ఒకే సమీకరణంతో అయిపోయే దానికి రెండు బస్సులు మారడం ఎందుకు.

రెండో జవాబు ఒకటి వచ్చింది చూశావా, టీ = −1 అని. 'కాలం రుణాత్మకం కాదు కనుక వదిలేయాలి' అని మీ సార్ ఒక గీత కొట్టేసి ఉంటారు. కొట్టేయచ్చు, కానీ దానికీ ఒక కథ ఉంది. నువ్వు మేడ మీద విసరడానికి సరిగ్గా ఒక సెకను ముందు, కింద నేల మీద ఎవరో ఒక బంతిని సెకనుకు 20 మీటర్లతో పైకి విసిరారనుకో. ఒక సెకనులో అది 20 − 5 = 15 మీటర్లు లేచి మేడ అంచు దాకా వస్తుంది, అప్పటికి దాని వేగం 20 − 10 = 10. అంటే నీ బంతి, ఆ బంతి అక్కడి నుంచి పక్కపక్కనే ప్రయాణం చేస్తాయి, తేడా ఏమీ ఉండదు. లెక్కకి మేడ ఉందని తెలీదు, నువ్వు ఎప్పుడు విసిరావో తెలీదు, అది మొత్తం దారిని చూస్తుంది, నేలని తాకే రెండు క్షణాలూ చెప్పేస్తుంది. నాకు ఇది మొదటిసారి అర్థమైన రోజు నేను లెక్చరర్‌గా చేరి నాలుగేళ్లు అయ్యింది, సిగ్గు లేకుండా చెప్తున్నాను.

సిగ్గు మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు బోర్డు దగ్గరికి పిలిచి ఇలాంటి లెక్కే చెయ్యమన్నారు. 'వీ = యూ − జీ టీ' అని రాశాను (వీ అంటే టీ సెకన్ల తర్వాత ఉండే వేగం), అందులో మైనస్ ఉండనే ఉంది. తర్వాత జీ కిందికి కదా అని జీ దగ్గర మైనస్ 10 వేశాను. మైనస్‌కి మైనస్ ప్లస్ అయ్యి బంతి వేగం సెకను సెకనుకీ పెరుగుతూ పైకే పోయింది. మా సార్ కాసేపు చూసి, 'దీన్ని శ్రీహరికోట పంపిద్దాంరా' అన్నారు, క్లాసంతా ఒకటే నవ్వు. అందుకే చెప్తున్నా, 'యూ − జీ టీ', 'యూ + జీ టీ' అని పైకి ఒకటి, కిందికి ఒకటి విడివిడిగా రాసుకున్న సూత్రాలు నీ చార్ట్ మీద ఉంటే వాటిని ఈ రోజే కొట్టేయ్. 'యూ + ఏ టీ' ఒక్కటి ఉంచు. లెక్క మొదలుపెట్టగానే పేజీ పక్కన ఒక నిలువు గీత గీసి, బయల్దేరిన చోట సున్నా పెట్టి, పైకి బాణం వేసి ప్లస్ అని రాయి. తర్వాత యూ, ఏ, ఎస్ మూడూ వరసగా రాసి, అంకె వెయ్యడానికి ముందే ఒక్కోదానికీ గుర్తు వేసెయ్. ఇది పదిహేను సెకన్ల పని, ఆ పదిహేను సెకన్లు లేక పోయిన మార్కులే ఈ చాప్టర్‌లో ఎక్కువ. కిందికి ప్లస్ అనుకున్నా ఏ ఇబ్బందీ లేదు, మధ్యలో మాట మార్చకుండా ఉంటే చాలు.

నీ రెండో కష్టం, ఇంగ్లిష్. ఇది నువ్వు ఉత్తరంలో పైపైన చెప్పావు గానీ నా ఉద్దేశంలో సగం గొడవ ఇక్కడే ఉంది. ప్రశ్న చదవగానే లోపల తెలుగులో ఒక్కటే అడుగు: వదిలేశారా, విసిరారా? 'డ్రాప్‌డ్', 'రిలీజ్‌డ్ ఫ్రమ్ రెస్ట్' అంటే వదిలేశారు, యూ సున్నా. 'త్రోన్', 'ప్రొజెక్టెడ్' అంటే విసిరారు, యూ ఉంటుంది, ఎటు అన్నది చూసుకోవాలి. ఇందులో ఒక్క మెలిక ఉంది. 'సెకనుకు 10 మీటర్ల వేగంతో పైకి వెళ్తున్న బెలూన్ నేల నుంచి 15 మీటర్ల ఎత్తులో ఉండగా అందులోంచి ఒక రాయిని డ్రాప్ చేశారు' అంటాడు. వదిలేశారు కదా అని యూ సున్నా వేస్తే అయిపోయావు. బెలూన్‌లో ఉన్నవాడికి అది వదలడమే, కానీ నేల మీద నిలబడి చూస్తే ఆ రాయి బెలూన్‌తో పాటు అప్పటికే 10తో పైకి పోతోంది, వదిలిన తర్వాత కూడా ఇంకో సెకను పైకే పోతుంది. మరి ఈ లెక్క చెయ్యి చూద్దాం. యూ +10, ఏ −10, ఎస్ −15. ఇందాకటి లెక్కే! మేడ తీసేసి బెలూన్ పెట్టాడు, బంతి తీసేసి రాయి పెట్టాడు.

ఇదే మేడ మీద నుంచి బంతిని 10తో కిందికి విసిరితే? −15 = −10టీ − 5టీ², టీ² + 2టీ − 3 = 0, టీ = 1 సెకను, లేదా −3. ఇందాక 3, −1 వచ్చాయి, ఇప్పుడు 1, −3. నేలకు తగిలేటప్పుడు వేగం కట్టి చూడు, పైకి విసిరినా కిందికి విసిరినా సెకనుకు 20 మీటర్లే వస్తుంది. పైకి వెళ్లిన బంతి తిరిగి మేడ అంచు దాటేటప్పుడు సరిగ్గా 10తోనే కిందికి దాటుతుంది కాబట్టి.

జీ 9.8 వెయ్యాలా 10 వెయ్యాలా అని చాలామంది అడుగుతారు. ప్రశ్నలో ఇచ్చింది వెయ్యి, ఇవ్వకపోతే ఆప్షన్లు చూసి వెయ్యి. ఎంసెట్‌లో (పేరు ఈఏపీసెట్ అయినా మనకి ఎంసెట్టే) మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో ఫిజిక్స్ 40, క్యాలిక్యులేటర్ ఉండదు, కాబట్టి 10 నీ స్నేహితురాలు. 10 అనుకుంటే ఊరికే వదిలిన వస్తువు మొదటి సెకనులో 5 మీటర్లు, రెండో సెకనులో 15, మూడో సెకనులో 25, నాలుగో సెకనులో 35 పడుతుంది. 1, 3, 5, 7 బేసి సంఖ్యల వరస. గెలీలియో ఇది పట్టుకున్నాడు, 1638లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. నిలువుగా పడేదాన్ని కొలవడానికి అప్పట్లో అంత సన్నని గడియారం లేక, ఏటవాలు పలక మీద గుండు దొర్లించి, ఆ సేపట్లో కారిన నీళ్లు తూచి టైం లెక్క కట్టాడు. కాబట్టి స్టాప్‌వాచ్ లేదని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది.

మీ హాస్టల్లో ఒక పందెం కట్టు. 500 నోటు నిలువుగా పట్టుకుని, నీ ఫ్రెండ్‌ని నోటు మధ్యలో రెండు వేళ్లు ఆనీ ఆనకుండా పెట్టి ఉండమను, చెప్పకుండా వదిలెయ్, పట్టుకుంటే నోటు నీదే అను. ధైర్యంగా అను. నోటు పొడవు 15 సెంటీమీటర్లు, మధ్య నుంచి చివరిదాకా ఏడున్నర, అంత పడటానికి పట్టేది 0.12 సెకను. కన్ను చూసి వేలు కదలడానికి మనిషికి దాదాపు 0.2 సెకను కావాలి, ఆపాటికి నోటు 20 సెంటీమీటర్ల కిందికి పోయి ఉంటుంది. అయితే వదిలే ముందు నీ వేళ్లు కాస్త వణికాయంటే ఆమె పసిగట్టేస్తుంది, అప్పుడు నీ 500 గురించి నన్ను అడగొద్దు.

ఇక ప్రొజెక్టైల్, అంటే ఏటవాలుగానో అడ్డంగానో విసిరిన వస్తువు. ఇక్కడ కొత్త ఫిజిక్స్ ఏమీ లేదు, అది ముందు నమ్ము. కిరాణా కొట్టతను ఇద్దరి బాకీలు రెండు వేర్వేరు పేజీల్లో రాసుకుంటాడు చూడు, అలా అడ్డం ఒక పేజీ, నిలువు ఒక పేజీ. నిలువు పేజీలో జీ ఉంటుంది, అడ్డం పేజీలో ఏమీ ఉండదు, మొదలైన వేగం మొదలైనట్టే ఉంటుంది. రెండు పేజీల్లోనూ ఒకేలా ఉండే అంకె టైం ఒక్కటే.

ఆర్టీసీ బస్సులో కూర్చుని పల్లీ గింజ పైకి ఎగరేసి నోట్లో వేసుకునే వాళ్లని చూసే ఉంటావు. బస్సు గంటకు 60 కిలోమీటర్ల మీద పోతోంది, అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. గింజ ఒక ముప్పై సెంటీమీటర్లు లేచి దిగడానికి అర సెకను. ఆ అర సెకనులో బస్సు 8 మీటర్లు ముందుకు పోయింది, మరి గింజ వెనక సీటాయన నెత్తిన పడాలి కదా? పడదు, ఎందుకంటే గింజకీ అదే 17 ఉంది, ఎగరేసినంత మాత్రాన అది పోదు. లోపల కూర్చున్నాయనకి గింజ నిలువుగా లేచి నిలువుగా దిగింది. రోడ్డు పక్కన నిలబడి కిటికీలోంచి చూసేవాడికి అదే గింజ పరావలయం గీసింది. డ్రైవర్ బ్రేక్ వేస్తే మాత్రం గింజ ముందు సీటు వైపు పోతుంది.

బల్ల దగ్గర ఇంకోటి చెయ్యచ్చు. బల్ల అంచున స్కేలు ఏటవాలుగా పెట్టి, సగం బయటికి ఉంచి, బయటి కొస మీద ఒక రూపాయి బిళ్ల, స్కేలుకీ అంచుకీ మధ్య బల్ల మీద ఇంకో బిళ్ల పెట్టి స్కేలుని ఒక్క దెబ్బ కొట్టు. స్కేలు మీది బిళ్ల కాళ్ల కిందిది లాగేసినట్టు అక్కడే నిలువుగా పడుతుంది, రెండోది దూరంగా ఎగిరి పడుతుంది. కళ్లు మూసుకుని విను, రెండూ కలిసి ఒక్కటే 'టక్' వినపడాలి. రెండు వినపడితే స్కేలు వంగిపోయి కొట్టావని, మళ్లీ కొట్టు. 78 సెంటీమీటర్ల బల్ల అయితే రెండింటికీ 0.4 సెకనే.

ఇప్పుడు మన మేడ దగ్గరికి వద్దాం. అదే 15 మీటర్ల మేడ, ఈసారి బంతిని సెకనుకు 20 మీటర్లతో, అడ్డానికి 30 డిగ్రీల కోణంలో పైకి కొట్టారు. ఎంత దూరంలో పడుతుంది? (ఇక్కడ సైన్ అంటే ట్రిగనామెట్రీలో సైన్, ప్లస్ మైనస్ గుర్తు కాదు, మన నోట్లో రెండూ ఒకటే అయిపోయాయి.) నిలువు పేజీలో 20 × సైన్ 30 = 10. అడ్డం పేజీలో 20 × కాస్ 30 = 17.3. నిలువు పేజీ చూడు ఒకసారి: యూ +10, ఏ −10, ఎస్ −15. మళ్లీ అదే లెక్క! జవాబు నీ దగ్గర ఉంది, 3 సెకన్లు. ఆ 3 తీసుకెళ్లి అడ్డం పేజీలో వెయ్యి, 17.3 × 3, దాదాపు 52 మీటర్లు. అయిపోయింది.

నీ చార్ట్ మీద వ్యాప్తి (అడ్డంగా పోయే మొత్తం దూరం) సూత్రం ఉంది కదా, యూ² సైన్ 2తీటా బై జీ (తీటా అంటే విసిరిన కోణం), అది పెట్టి చెయ్యి. 400 × 0.866 బై 10, అంటే 34.6 మీటర్లు. ఆప్షన్లలో 34.6 తప్పకుండా ఉంటుంది, ప్రశ్న తయారుచేసే మనిషి నీ చార్ట్ చూసే ఆప్షన్లు రాస్తాడు. ఆ సూత్రం బయల్దేరిన మట్టానికే తిరిగొచ్చినప్పుడు పనికొస్తుంది, ఇక్కడ అది బంతి మేడ మట్టం దాటే చోటు చెప్పింది, నేల సంగతి చెప్పలేదు. 45 డిగ్రీల దగ్గర ఎక్కువ దూరం, 30కీ 60కీ ఒకే దూరం అన్నవీ ఆ సమతలం మీదే. ఆ సూత్రాలు చదవొద్దని అనను, సమతలం ప్రశ్నలకి అవి పది సెకన్లలో పని చేస్తాయి, కానీ ఒక్కోదాని పక్కన 'నేల మట్టంగా ఉంటేనే' అని ఎర్ర పెన్నుతో రాసుకో.

అన్నట్టు పై కొసన బంతి వేగం సున్నా అన్నది నిట్టనిలువుగా విసిరినప్పుడే. ఏటవాలుగా కొడితే పైన కూడా అడ్డం వేగం 17.3 అలాగే ఉంటుంది. ఇక త్వరణం రెండు సందర్భాల్లోనూ పైన సున్నా కాదు, జీనే. పైన వేగమూ సున్నా, త్వరణమూ సున్నా అయితే నీ బంతి దిగడానికి కారణమే ఉండదు, త్రిశంకుడిలా అక్కడే వేలాడుతుంది. ఒక మార్కు ప్రశ్నగా ఇది అడుగుతూనే ఉంటారు, పిల్లలు సున్నా అని రాస్తూనే ఉంటారు.

నిజంగా బాణాలు, బంతులు ఇలాగే పోతాయా అని నీకు అనిపించచ్చు. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది, ఆమెది కాంపౌండ్ విల్లు, గురి 50 మీటర్ల దూరం, లక్ష్యం 80 సెంటీమీటర్ల వెడల్పు. బాణం వేగం సెకనుకు 80 మీటర్లు అనుకుందాం. 50 మీటర్లకి 0.625 సెకను. అంతసేపట్లో నిలువు పేజీ ప్రకారం బాణం దాదాపు 2 మీటర్లు కిందికి దిగుతుంది. లక్ష్యం మధ్యకి సూటిగా, సరిగ్గా అడ్డంగా వదిలితే బాణం లక్ష్యం కింద ఎక్కడో పడుతుంది. అందుకే బాణం రెండు డిగ్రీలకి కొంచెం ఎక్కువగా పైకి చూసి బయల్దేరాలి, విల్లు మీద గురి చూడటానికి ఉండే సైట్‌ని దూరానికి తగ్గట్టు జరుపుకునేది ఇందుకే.

గాలి సంగతి మాత్రం మన లెక్కల్లో ఉండదు. వాన చినుకు రెండు కిలోమీటర్ల పైనుంచి గాలి అడ్డు లేకుండా పడితే సెకనుకు 200 మీటర్లతో, అంటే గంటకు 720 కిలోమీటర్లతో తగలాలి. గొడుగు కాదు, ఇనుప రేకు కావాలి. గాలి ఆపబట్టి పెద్ద చినుకైనా సెకనుకు 9 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. గాలి లేని చోట ఎలా ఉంటుందో 1971 ఆగస్టు 2న అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి చూపించాడు, ఒక చేతిలో సుత్తి, ఒక చేతిలో ఈక, రెండూ ఒకేసారి వదిలాడు, రెండూ ఒకేసారి పడ్డాయి. వీడియో దొరుకుతుంది, ఇంటికి వెళ్లినప్పుడు నాన్న ఫోన్లో చూడు.

ఇక గ్రూపు. మ్యాథ్స్ అంటేనే నీకు పడదు అంటే అది వేరే మాట, అప్పుడు ఇంట్లో కూర్చుని మాట్లాడాల్సిందే. కానీ ఉత్తరం చూస్తే నాకలా అనిపించలేదు, విచక్షణి దాకా తప్పు లేకుండా వచ్చి, మైనస్ 8 వస్తే వదిలెయ్యకుండా మూడుసార్లు చేసిన పిల్ల ఒక్క గుర్తు కోసం గ్రూపు మారడమేంటి. నాన్నకి ఇప్పుడేమీ చెప్పకు. రాబోయే రెండు వారాలు రోజుకి మూడు లెక్కలు చాలు, ముప్పై వద్దు. ప్రతి దానికీ నిలువు గీత, సున్నా, బాణం, గుర్తులు. జవాబు వచ్చాక రెండో జవాబుని కొట్టెయ్యకుండా అదేం చెబుతోందో తెలుగులో ఒక్క వాక్యం రాయి.

మొదటి లెక్క నేనే ఇస్తున్నాను. మేడ 40 మీటర్లు, బంతి సెకనుకు 10తో నిట్టనిలువుగా పైకి, జీ 10. నేలకు తగలడానికి 4 సెకన్లు రావాలి. దాంతోపాటు ఒక మైనస్ 2 కూడా వస్తుంది, దాని కథ రాసి పంపు.